చెల్లని నోటుకి చోటు

నా దగ్గర రెండు లక్షల ఏడు వేలు ఉన్నాయి. ఈ మాట హాస్టల్లో అనగానే రూమ్మేట్లు ముగ్గురూ ఒకేసారి ట్రీట్ అడిగారు. అవి వియత్నాం డాంగ్‌లు అని చెప్పాక ఒకమ్మాయి ఫోన్ తీసి లెక్క కట్టింది. రూపాయికి సుమారు మూడు వందల డాంగ్‌లు. అంటే నా ఆస్తి మొత్తం మన డబ్బుల్లో ఏడొందలు కూడా లేదు. ట్రీట్ సమోసాలతో సరిపెట్టుకున్నారు.

ఆ నోట్లు నాకెలా వచ్చాయో ముందు చెప్తాను. మాది రాజోలు వైపు ఒక లంక గ్రామం. మా బాబాయ్ రొయ్యల మేత డీలరు. మా వైపు మేత డీలర్లకి, ఎరువుల డీలర్లకి టార్గెట్ కొడితే ఫారిన్ టూర్ ఉంటుందని మీలో గోదావరి జిల్లాల వాళ్ళకి తెలిసే ఉంటుంది. నేను ఫస్ట్ ఇయర్లో ఉండగా బాబాయ్ వాళ్ళ బ్యాచ్‌ని వియత్నాం తీసుకెళ్ళారు. ఐదు రోజులు అక్కడ లక్షల్లో ఖర్చుపెట్టి వచ్చాడు. "టీ తాగితే ఇరవై వేలే అమ్మాయ్!" అని నెల్లాళ్ళు చెప్పుకున్నాడు. మిగిలిన నోట్లలో ఐదు లక్షల డాంగ్‌ల నోటు ఒకటి షాపులో ఫ్రేము కట్టించుకుని, చిల్లర అంతా నాకిచ్చాడు. ఆ చిల్లరే పన్నెండు నోట్లు. వెయ్యివి మూడు, రెండు వేలవి రెండు, ఐదు వేలవి రెండు, పది వేలవి రెండు, ఇరవై వేలు, యాభై వేలు, లక్ష ఒక్కొక్కటి.

కంప్యూటర్ సైన్స్ వాళ్ళ చేతికి ఏది దొరికినా ముందు దానికో టేబుల్ చేస్తాం కదా. నేనూ ఒక షీట్ ఓపెన్ చేశాను. విలువ, రంగు, సీరియల్ నంబరు, సంవత్సరం. నాలుగు కాలమ్స్‌తో పని అయిపోతుందనుకున్నాను. మూడో కాలమ్‌కీ నాలుగో కాలమ్‌కీ మధ్య ఇరుక్కుపోయాను.

వెయ్యి డాంగ్‌ల నోటు మీద 1988 అని ఉంటుంది. కానీ ఆ నోటు కొత్తగా, ఫెళఫెళలాడుతూ ఉంది. 1988 అనేది ఆ డిజైన్ సంవత్సరం. తర్వాత ఎప్పుడు ముద్రించినా అదే వేస్తారు. లక్ష నోటు మీద చూస్తే సంవత్సరమే లేదు. చాలాసేపు వెతికాక తెలిసిందేంటంటే, వియత్నాం ప్లాస్టిక్ నోట్ల మీద సంవత్సరం సీరియల్ నంబర్లోనే దాక్కుని ఉంటుంది. రెండు అక్షరాలు, తర్వాత ఎనిమిది అంకెలు. ఆ అంకెల్లో మొదటి రెండూ ముద్రించిన ఏడాది. 17తో మొదలైతే 2017 అన్నమాట. ఇది తెలిసిన రోజు ఎవరికి చెప్పాలో తెలీక మెస్‌లో పక్కన కూర్చున్న సీనియర్‌కి చెప్పాను. పాపం, ఆవిడ పెరుగన్నం తింటూ మొత్తం విన్నారు.

నోట్లు సేకరించేవాళ్ళకి ప్రపంచమంతా ఒక పద్ధతి ఉంది. ఆల్బర్ట్ పిక్ అనే జర్మన్ ఆయన ప్రపంచంలోని కాగితపు నోట్లన్నిటికీ దేశాలవారీగా నంబర్లు ఇచ్చాడు. ఇప్పటికీ వాటిని పిక్ నంబర్లనే అంటారు. 1988 వెయ్యి డాంగ్‌లు పిక్ 106. రెండు వేలు 107. 1991 నాటి ఐదు వేలు 108. ప్లాస్టిక్ నోట్లు పది వేలతో 119 దగ్గర మొదలై, బాబాయ్ ఫ్రేములోని ఐదు లక్షల నోటు 124 దగ్గర ఆగుతాయి. మన డీబీఎంఎస్ భాషలో చెప్పాలంటే పిక్ నంబరు ఒక్కటే ప్రైమరీ కీ అవ్వదు, ఎందుకంటే నా వెయ్యి నోట్లు మూడిటికీ అదే నంబరు. సీరియల్ ఒక్కటే కూడా అవ్వదు, వేరే సిరీస్‌లో అదే అంకె రావచ్చు. రెండూ కలిపితేనే ఒక నోటు. తర్వాత కండిషన్. అస్సలు వాడనిది, కొంచెం వాడింది, బాగా నలిగింది అని మెట్లు. చివర్లో నా సొంత కాలమ్ ఒకటి పెట్టుకున్నాను: "ఎవరిచ్చారు". పన్నెండు వరసల్లోనూ బాబాయ్ పేరే కాబట్టి అప్పటికి అది శుద్ధ దండగ కాలమ్.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఆల్బమ్ మా మామ్మకి చూపించాను. మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. నోట్లన్నిటి మీదా ఒకే ముసలాయన ఉన్నాడేంటని అడిగింది. హో చి మిన్ అని, మనకి గాంధీగారిలాగ వాళ్ళకి ఆయన అని చెప్పాను. ఆవిడకి మాత్రం నోటు వెనక బొమ్మల మీదే ఆసక్తి. వెయ్యి నోటు మీద దుంగలు లాగుతున్న ఏనుగులు. ఐదు వేల మీద కరెంటు తీసే డ్యామ్. ఇరవై వేల మీద హోయ్ ఆన్ ఊళ్ళో పైకప్పున్న పాత వంతెన. లక్ష మీద హనోయిలోని సాహిత్య దేవాలయం (మన క్లబ్ వాళ్ళు గమనించాలి, సాహిత్యానికి ఒక గుడి కట్టి దాన్ని లక్ష నోటు మీద వేసిన దేశం అది). పది వేల నోటు తిప్పగానే మామ్మ ఆగిపోయింది. సముద్రంలో ఆయిల్ రిగ్గు.

"ఇది మన ఓఎన్‌జీసీ వాళ్ళది కదే? పాశర్లపూడి మంటలప్పుడు ఇలాంటిదే కదూ కాలిపోయింది" అంది. 1995 జనవరిలో పాశర్లపూడిలో బ్లోఅవుట్ అయి రెండు నెలలకి పైగా మండింది. రాత్రిళ్ళు మా ఊరికి కూడా ఆకాశం ఎర్రగా కనపడేదట. నేను పుట్టకముందు సంగతి. ఒక వియత్నాం నోటు వల్ల ఆ కథంతా విన్నాను.

ఆవిడ ఎక్కువసేపు చూసింది మాత్రం రెండు వేల నోటు. బట్టల మిల్లులో పని చేస్తున్న ఆడవాళ్ళ బొమ్మ ఉంటుంది దాని మీద. "పనోళ్ళని వేశారే నోటు మీద" అంది, ఎవరో తెలిసినవాళ్ళ ఫొటో చూసినట్టు. మామ్మ ముప్పై ఏళ్ళు కొబ్బరి పీచు తాళ్ళు పేనింది.

కాలేజీకి తిరిగొచ్చాక వియత్నాం డబ్బు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అది డబ్బు చరిత్రలా లేదు, డబ్బు చెల్లకుండా పోవడాల చరిత్రలా ఉంది. ఫ్రెంచివాళ్ళ కాలంలో అక్కడ పియాస్టర్ నోట్లు. 1946లో హో చి మిన్ ప్రభుత్వం సొంతంగా డాంగ్ నోట్లు వేసింది. 1959లో ఉత్తరాన వెయ్యి పాత డాంగ్‌లకి ఒక కొత్త డాంగ్ అన్నారు. దక్షిణ వియత్నాంది అప్పటికి వేరే దేశం, వేరే నోట్లు. యుద్ధం అయిపోయాక 1975 సెప్టెంబరులో దక్షిణాది వాళ్ళ నోట్లు రద్దు. ఐదు వందలకి ఒకటి. 1978లో రెండు వైపులా ఒకే డబ్బు చేశారు, మళ్ళీ మార్పిడి. 1985 సెప్టెంబరులో పదికి ఒకటి. ఆ మరుసటి ఏడాది ద్రవ్యోల్బణం 700 శాతం దాటింది. సైగాన్‌లో 1970లో ముప్పై ఏళ్ళున్న ఒకావిడ దాచుకున్న డబ్బు, ఆవిడకి యాభై వచ్చేలోపు మూడుసార్లు మార్చుకోవాలి. మార్చుకోవడానికి గడువుంటుంది, ఇంటికి ఇంతేనని పరిమితి ఉంటుంది. లైన్‌లో నిలబడలేకపోయినవాళ్ళ దగ్గర మిగిలిన నోట్లే ఈరోజు ఆన్‌లైన్‌లో అమ్మకానికి ఉన్నాయి.

ఇంకో సంగతి చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆ పియాస్టర్ నోట్లు వేసింది 1875లో పారిస్‌లో పెట్టిన ఇండోచైనా బ్యాంకు. అదే బ్యాంకు 1877లో పాండిచ్చేరిలో బ్రాంచి తెరిచి, ఫ్రెంచి ఇండియా కోసం రూపాయి నోట్లు కూడా వేసింది. ఫ్రెంచి ఇండియా అంటే యానాం కూడా! ఎదుర్లంక వంతెన దాటితే వచ్చే యానాం, మా వాళ్ళు షాపింగ్‌కి వెళ్ళొచ్చే యానాం. ఒకే బ్యాంకు అటు సైగాన్‌కి పియాస్టర్లు, ఇటు గౌతమి ఒడ్డుకి రూపాయలు. రెండు చోట్లా కథ దాదాపు ఒకేసారి ముగిసింది. 1954 మేలో దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది. జూన్‌లో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. నవంబరు 1న ఫ్రెంచి ఇండియా మొత్తం మన చేతికొచ్చింది. ఆ ఫ్రెంచి రూపాయి నోటు కొనే స్తోమత నాకు లేదు. షీట్‌లో దానికి ఒక ఖాళీ వరస మాత్రం ఉంచాను.

ఇలా చెల్లని నోట్ల గురించి చదువుతున్నప్పుడే మామ్మ పౌడరు డబ్బా గుర్తొచ్చింది.

2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక కూడా దాటేసింది. లంకల్లో ఇళ్ళన్నీ నీళ్ళలోనే. సామాన్లు అటక మీదికి ఎక్కిస్తుంటే మామ్మ ట్రంకుపెట్టెలోంచి ఒక పాత పౌడరు డబ్బా పడి మూత ఊడింది. లోపల పసుపు గుడ్డ, గుడ్డలో పాత ఐదు వందల నోట్లు పద్నాలుగు. 2016 నవంబరు 8 రాత్రి రద్దయిన నోట్లు. డిసెంబరు 30తో డిపాజిట్ గడువు కూడా అయిపోయిన నోట్లు. ఏడు వేలు.

మా మేనత్త 2008 నుంచి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. మా ఊళ్ళో ఇంటికొకరు అలా వెళ్ళినవాళ్ళే. అత్త పంపిన డబ్బుల్లోంచే మామ్మ ఇవి దాచి మర్చిపోయిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. అత్త ఫోన్‌లో "పోతే పోయిందిలే అమ్మా" అంది. నాన్న సరదాకే, కొన్నాళ్ళు మామ్మని "మా రిజర్వు బ్యాంకు గవర్నరుగారు" అని పిలిచారు. చుట్టాలొచ్చినప్పుడల్లా ఈ కథ ఒక రౌండ్ వేసేవారు. మామ్మ నవ్వేది కాదు. డబ్బా మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయింది. తర్వాత ఆవిడ ఆ మాట ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. రద్దయిన నోట్ల మీద 2017లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఆ పాత ఐదు వందలు, వెయ్యి నోట్లు ఒక మనిషి దగ్గర పదికి మించి ఉండకూడదు. ఉంటే జరిమానా పది వేల దాకా, లేదా నోట్ల విలువకి ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అది. కానీ అందులోనే ఒక మినహాయింపు ఉంది. చదువు కోసమో, పరిశోధన కోసమో, నోట్ల సేకరణ కోసమో అయితే ఇరవై ఐదు దాకా ఉంచుకోవచ్చు. నేను ఆ లైను రెండుసార్లు చదివాను. మామ్మ డబ్బాలో ఉన్నవి పద్నాలుగు. మామూలు మనిషి దగ్గర ఉంటే నాలుగు ఎక్కువ. నాలాంటి షీట్ పిచ్చోళ్ళ దగ్గర ఉంటే ఇంకా పదకొండుకి చోటు ఉంది.

తర్వాతి సెలవుల్లో మధ్యాహ్నం పూట, నాన్న లేనప్పుడు చూసి అడిగాను. "మామ్మా, ఆ పౌడరు డబ్బా నోట్లు ఒకసారి చూస్తానే. నా పుస్తకంలో రాసుకుంటాను."

"చెల్లనియ్యి ఏం చేసుకుంటావే?"

"నా దగ్గరున్నవన్నీ చెల్లనివే కదే. ఇక్కడ వియత్నాం నోటుకి బఠాణీలు ఇస్తారా?"

కాసేపు ఆలోచించి పెట్టె తాళం తీసింది.

మన పాత ఐదు వందల నోటు గుర్తుందా? వెనక దండి యాత్ర శిల్పం, గాంధీగారి వెనక నడుస్తున్న జనం. నేను నోట్లన్నీ మంచం మీద పరిచి ఒక్కోటీ తిప్పి రాసుకోవడం మొదలుపెట్టాను. మన నోట్లకి వెనకవైపు అడుగున ముద్రించిన సంవత్సరం ఉంటుంది. 2005 నుంచి వేస్తున్నారు. అంతకు ముందువాటి మీద ఉండదు. 2014లోనే రిజర్వు బ్యాంకు ఆ సంవత్సరం లేని నోట్లని వెనక్కి తీసుకుంటామని ప్రకటించింది. మరో గుర్తు ఏంటంటే, రూపాయి సింబల్ 2010లో వచ్చింది, నోట్ల మీదకి ఆ తర్వాత ఎక్కింది. కాబట్టి సింబల్ ఉన్నదీ లేనిదీ చూసినా నోటు వయసు కొంత తెలుస్తుంది.

పద్నాలుగులో పదకొండిటి మీద సంవత్సరాలు ఉన్నాయి. 2009 ఒకటి, 2010వి రెండు, 2011వి మూడు, 2012వి రెండు, 2013 ఒకటి, 2014వి రెండు. దీన్ని బట్టి ఒకటి గ్యారంటీగా చెప్పొచ్చు. ఇవి ఒకేసారి దాచి మర్చిపోయినవి కావు. 2009లో ఒకేసారి దాచేసి ఉంటే అందులో 2014 నోటు రాదు కదా. ఇంట్లో అందరూ చెప్పుకున్న కథకీ, నోట్ల మీదున్న అంకెలకీ పొత్తు కుదరలేదు.

మిగతా మూడిటి మీద సంవత్సరం లేదు. పాత నోట్లు చాలా ఏళ్ళు చేతులు మారతాయి కాబట్టి అవి ఎప్పుడు వచ్చాయో షీట్ చెప్పలేదు. అందుకని మామ్మనే అడిగాను, "ఈ మూడూ అత్త పంపినవేనా?"

"అయ్యి నావి" అంది. "మీ అత్త ఎల్లకముందే. పీచు డబ్బులు."

ఐదొందల నోటు ఒకేసారి చేతికొచ్చే పని కాదు అది. వారం వారం పదులు, యాభైలు పోగేసి, కిరాణా కొట్లో ఇచ్చి, ఐదొందల నోటు చేయించుకునేదట. చిల్లరైతే ఖర్చయిపోతుందని. అలా మూడుసార్లు. తర్వాత అత్త కువైట్ వెళ్ళాక, పంపిన ప్రతిసారీ కాదు, ఏడాదికి ఒకటో రెండో అందులో కలిపేది.

"దేనికి మామ్మా?"

"నా దినానికి" అంది. ఊరికే, కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు చెప్పింది. "పదకొండో రోజు పది మందికి అన్నం పెట్టాలి కదే. ఆ ఖర్చు ఎవరి మీదా పడకూడదని."

మరి 2016లో అందరూ బ్యాంకుల దగ్గర లైన్లు కట్టినప్పుడు ఎందుకు తియ్యలేదని అడిగాను. వంటింటి డబ్బులు ఆవిడే తీసి నాన్నకి ఇచ్చిందట మార్చమని. డబ్బా మాత్రం తియ్యలేదు. "బతికుండగా తియ్యకూడదనుకున్నా. తీస్తే ఎందుకని అడుగుతారు కదా, ఏం చెప్పను?" అంది.

అంటే మర్చిపోలేదు. అందరూ నవ్విన విషయంలో మర్చిపోవడం అనేదే లేదు.

నేను స్కూలంతా ఇంగ్లీష్ మీడియం. నా షీట్ హెడ్డింగులన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. ఆ రోజు "ఎవరిచ్చారు" కాలమ్‌లో "పీచు డబ్బులు, దినానికి" అని తెలుగులోనే టైప్ చేశాను. ఇంగ్లీషులో రాస్తే అది వేరే ఎవరి నోటో అయిపోతుందనిపించింది. తర్వాత మిగతా హెడ్డింగులు కూడా తెలుగులోకి మార్చాను. "డీమానిటైజ్డ్" అనే కాలమ్ పేరు ఇప్పుడు "చెల్లుతుందా?".

రాయడం అయ్యాక చట్టం సంగతి చెప్పాను. మామూలుగా పది దాకా ఉంచుకోవచ్చు, సేకరించేవాళ్ళయితే ఇరవై ఐదు దాకా.

"అయితే ఇప్పుడు చెల్లుతాయా?" అని అడిగింది. కళ్ళలో ఒక్క క్షణం ఆశ కనపడింది, అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"చెల్లవు మామ్మా. కానీ ఉండొచ్చు. తప్పు కాదు."

ఆవిడ కొంచెంసేపు లెక్క వేసుకుంది. "పది ఉంచుకోవచ్చన్నావు కదా. పది నాకిచ్చెయ్యి. నాలుగు నువ్వు తీసుకో." పార్లమెంటు చేసిన చట్టాన్ని మామ్మ అంత చక్కగా పంచేసింది. ఏ నాలుగో కూడా ఆవిడే తీసింది. పీచు డబ్బులు మూడూ నాకిచ్చింది. కూతురు పంపిన వాటిల్లో పది తిరిగి పసుపు గుడ్డలో కట్టుకుంది. పదకొండోది, ఎవరో పెన్నుతో 27 అని రాసిన 2011 నోటు, "ఇది మాసిపోయింది" అని నా వైపు తోసింది.

నాన్నకి షీట్ నేనే చూపించాను. సంవత్సరాలు, పీచు డబ్బులు, చివరి కాలమ్. ఆయన ఫోన్ స్క్రీన్ కిందికి పైకి రెండుసార్లు జరిపి చూశారు. ఏం అనలేదు. గవర్నరుగారు అనే మాట మాత్రం మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు. కువైట్ నుంచి అత్త వీడియో కాల్‌లో ఆ వరసలు చదివించుకుని, "2009ది నా మొదటి జీతంలోదై ఉంటుందే" అంది. అది కూడా రాసుకున్నాను.

ఇప్పుడు నా షీట్‌లో ఇరవై ఆరు వరసలు, ఒక ఖాళీ వరస ఉన్నాయి. కొత్తగా "ఎక్కడుంది" అనే కాలమ్ వచ్చింది. పదహారు నా ఆల్బమ్‌లో, పది మామ్మ పెట్టెలో. మీ ఇంట్లో కూడా ఏదో ఒక పెట్టెలో ఇలాంటివి ఉండే ఉంటాయి. కువైట్ పావు దినారో, మస్కట్ బైసాలో, చిల్లు పైసాలో. సెలవులకి వెళ్ళినప్పుడు అడగండి. విలువ ఎంతో ఇంటర్నెట్ చెప్తుంది. ఎందుకు దాచారో దాచినవాళ్ళు ఉన్నప్పుడే తెలుస్తుంది.

మామ్మకి ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి నాలుగు వేల పింఛను ఇస్తారు. ఈ నెల ఆ సాయంత్రం ఫోన్ చేసింది. "ఎర్రకోట నోటే బుజ్జీ, వెనకాల అంకెలు కనపడట్లేదు, మీ నాన్నని చూడమంటే 2022 అన్నాడు. రాసుకో" అంది. అది మా పెట్టెలో మొట్టమొదటి చెల్లే నోటు. ఇరవై ఏడో వరస.